పొదిలి పెరట్లో షెనిన్ ద్రాక్ష

ఫిబ్రవరి 7, ఒంగోలు, కరవది

మా మేనమామ కొడుకు నాసిక్ దగ్గర ద్రాక్ష తోటల్లో సూపర్‌వైజరు. మనం బండి మీద కొనుక్కుని తినే ద్రాక్ష కాదు, వైన్ ద్రాక్ష. అందులోనూ షెనిన్ బ్లాంక్ అనే ఫ్రాన్సు తెల్ల రకం మీదే అతని పనంతా. ఆ తీగలు కొన్ని తెచ్చి పొదిలి దగ్గర వాళ్ల ఊళ్లో ఇంటి వెనక పందిరి వేశాడు. ఈసారి కాపు బాగా దిగిందని, పచ్చి కాయలతో అత్తయ్య చేపల పులుసు కూడా పెట్టిందని ఫోన్లో చెప్పాడు. ఫ్రాన్సు ద్రాక్షతో చేపల పులుసు అనేసరికి ఇక నాకు కాలు నిలవలేదు. నాసిక్‌లో కోత ఊపందుకునే లోపు బావకు కొద్దిగా సెలవు దొరికింది. ఇద్దరం ఒంగోలులో కలిసి, పొదిలి చూసుకుని, నెల్లూరు దాకా వెళ్దామనుకున్నాం.

పొద్దున్నే బస్టాండు పక్క సందులో ఇడ్లీ తిన్నాం. ప్లేటు 40 రూపాయలు. అల్లం పచ్చడి ఘాటుకు కళ్లు చెమర్చాయి. అత్తయ్య కోసం అల్లూరయ్య మైసూర్‌పాక్ అరకిలో కట్టించాం. ఒంగోలు మీదుగా వచ్చి అది తేకపోతే ఆమె ముఖం మాడ్చుకుంటుంది.

"ద్రాక్ష దగ్గరికి పోయే ముందు ఒక ఊరు చూద్దాం రా" అని బావ ఆటో మాట్లాడాడు. రానూ పోనూ 350. కరవది ఒంగోలుకు ఉత్తరాన, రైలు మార్గం మీదే ఉంటుంది. 1960ల మొదట్లో ఇక్కడి నుంచి ఒక ఒంగోలు గిత్త ఓడెక్కి బ్రెజిల్ వెళ్లింది. అక్కడ దాన్ని కరవది అనే పిలిచారు. ఇవాళ బ్రెజిల్ పచ్చిక బయళ్లలో మేసే మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతివి. నెలోర్ అంటే మన నెల్లూరే. వాటిలో చాలా మందల వంశవృక్షం ఈ కరవది గిత్త దగ్గరికి చేరుతుంది. వయాటినా-19 అనే నెలోర్ ఆవు ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. బరువు 1,100 కిలోల పైమాట.

రామాలయం ఎదురుగా అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూడగానే అడిగాడు. "ఎవరి తాలూకయ్యా మీరు?" మా తాత పేరు, ఊరు, ఇంటి పేరు చెప్పాక గానీ ఎద్దుల మాట ఎత్తలేదు. అప్పుడు లేచి తన దొడ్లోకి తీసుకెళ్లాడు. ఒక్క జత ఉంది. బండలాగుడు పందేలకు పెంచుతున్నాడు. తెల్లటి ఒళ్లు, కాటుక పెట్టినట్టు నల్లటి కళ్ల అంచులు, మెడ కింద మడతలు పడి వేలాడే గంగడోలు. మూపురం మీద చెయ్యి వేస్తే చర్మం కింద కండ ఒక్కసారి వణికింది. పెద్దాయన జొన్న చొప్ప వేస్తూ చెప్పాడు. "అక్కడోళ్లు ప్రతి దూడకీ లెక్క రాసుకుని మంచిదాన్ని నిలుపుకున్నారంట. మనం మంచిదాన్నే ముందు అమ్ముకున్నాం. ట్రాక్టరొచ్చినాక ఎద్దుతో పనేముంది?" కోపంగా అనలేదు. మజ్జిగ తాగకుండా మాత్రం మమ్మల్ని కదలనివ్వలేదు.

బావ ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "షెనిన్‌ది కూడా ఇదే సంగతి" అన్నాడు. షెనిన్ పుట్టిల్లు ఫ్రాన్సులో లువార్ నది లోయ. ఇప్పుడు అక్కడికన్నా దక్షిణాఫ్రికాలోనే ఎక్కువ విస్తీర్ణంలో ఉంది. 1650లలో డచ్చివాళ్లు అక్కడి కేప్ ప్రాంతంలో నాటిన మొదటి తీగల్లో ఇదీ ఉందని అక్కడివాళ్లు నమ్ముతారు. వాళ్లు దాన్ని స్టీన్ అనేవాళ్లు. తాము తరతరాలుగా పెంచుతున్న స్టీన్, లువార్ లోయ షెనిన్ ఒకటేనని 1960లలో గానీ తేలలేదు. అన్నేళ్లు ఎక్కడిదో తెలియకుండానే ఆ దేశం దాన్ని సాకింది.

ఫిబ్రవరి 8, చీమకుర్తి మీదుగా పొదిలి

బావ స్నేహితుడి బైకు తీసుకుని బయలుదేరాం. ఒంగోలు నుంచి పొదిలికి ఇంచుమించు 50 కిలోమీటర్లు. చీమకుర్తి దాటాక ఫోన్లో మ్యాప్ దగ్గరి దారి చూపించింది. అది నేరుగా గ్రానైట్ క్వారీలోకి తీసుకెళ్లింది. మనుషుల్ని చీమల్లా కనిపించేట్టు చేసే లోతు. అంచున ఆగి చూస్తే నాకు కాళ్లు జలదరించాయి. నల్ల రాతిలో బంగారు రంగు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ ఇదే. దుమ్ము కొట్టుకుపోయిన వాచ్‌మన్ మమ్మల్ని కసరలేదు. "మ్యాప్‌ని నమ్మి రోజూ ఒకరొస్తారు సార్" అని రామతీర్థం వైపు చెయ్యి చూపించి, తన ఫ్లాస్కులోంచి చెరో గ్లాసు టీ పోశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

పొదిలి చేరేసరికి పదకొండు దాటింది. ఊళ్లోకి తిరిగే మలుపు దగ్గర్నుంచే పచ్చి పొగాకును వేడి పెట్టి ఆరబెట్టే బ్యారన్లు. ఎర్రటి నేల, కంది మోళ్లు, అక్కడక్కడ సుబాబుల్. ఇక్కడ ద్రాక్ష ఏమిటి అని ఎవరైనా అనుకుంటారు.

ఇంటి వెనక పందిరి చిన్నదే. రాతి కూసాల మీద ఇనప తీగలు లాగి అల్లారు. పైన చేపల వల కప్పారు. కొత్తపట్నంలో ఒక పల్లెకారి పాత వల 600కు ఇచ్చాడట. అది లేకపోతే గోరింకలు ఒక్క కాయ మిగల్చవు. వంగి లోపలికి వెళ్లాక ఎండ ఒక్కసారిగా తగ్గి, ఆకుల వాసన ముక్కుకు తగిలింది.

గుత్తులు నేననుకున్నంత పెద్దవి కావు. చేతి పొడుగున, బిగుతుగా, ఒక కాయకీ ఇంకో కాయకీ మధ్య గోరు దూరనంత ఒత్తుగా ఉన్నాయి. కాయ చిన్నది, గుండ్రటిది. ఒకే గుత్తిలో ఎండ తగిలిన వైపు తేనె రంగు, గోడ వైపు ఇంకా పచ్చ. బావ ఒక పండు కాయ కోసి ఇచ్చాడు. కొరికితే ముందు తీపి, ఆ వెంటనే దవడలు లాగే పులుపు, చివర్న రెండు గింజలు. ఊళ్లో పిల్లలు మొదట్లో వచ్చి తిని ఉమ్మేసి పోయారట. థామ్సన్ సీడ్‌లెస్ అలవాటైన నోటికి ఇది ద్రాక్షలా అనిపించదు.

"ఆ పులుపే దీని ఆస్తి" అన్నాడు బావ. నేను అడగకుండానే చెప్పుకుంటూ పోయాడు. వింటూ ఉంటే నాకూ ఉత్సాహం వచ్చింది.

తెల్ల ద్రాక్షల్లో షెనిన్ ఇన్ని రకాల వైన్‌కు పనికిరావడానికి కారణం ఆ పులుపు. కాయ ఇంకా పుల్లగా ఉన్నప్పుడు కోస్తే నురగ వైన్. ఇంకొంచెం ఆగి కోస్తే తీపి లేని పొడి వైన్. ఇంకా ఆగితే కొంచెం తీపి మిగిలిన రకం. లువార్‌లో శరదృతువు చివరిదాకా తీగ మీదే ఉంచితే నది మీంచి వచ్చే పొగమంచుకు కాయ మీద ఒక మంచి బూజు పడుతుంది. అది తొక్కలోంచి నీళ్లు ఆవిరయ్యేట్టు చేసి, చక్కెరను చిక్కగా చేస్తుంది. దానితో చేసే తీపి వైన్ దశాబ్దాలు నిలవ ఉంటుంది. అంత తీపిలోనూ మొహం మొత్తకపోవడానికి కారణం మళ్లీ ఆ పులుపే. దక్షిణాఫ్రికావాళ్లు దీనితో బ్రాందీ కూడా కాస్తారు. కాలిఫోర్నియాలో చవక వైన్లకు కలుపుతారు. లువార్‌లోని ఊవ్రే, సావెన్యేర్ లాంటి ఊళ్లలో ఇదే గుత్తితో ఖరీదైన సీసాలు నింపుతారు.

నాసిక్‌లో షెనిన్‌ను 1990ల చివర్లో నాటారు. 2000లో అక్కడి వైన్ కంపెనీ సూలా మొదటి సీసాలు బయటికి వచ్చాయి. అక్కడికి వెళ్లినప్పుడు నేనూ ఒక గ్లాసు రుచి చూశాను. పచ్చి జామకాయ వాసన గుర్తుండిపోయింది.

కానీ తీగ తెచ్చి నాటగానే అయిపోదు. లువార్‌లో చలికాలం తీగ ఆకులు రాల్చి నిద్రపోతుంది. వసంతంలో లేచి, సెప్టెంబరు, అక్టోబరుల్లో పండుతుంది. మన దగ్గర నిద్రపోయేంత చలి లేదు. వదిలేస్తే ఏడాది పొడుగునా తీగే సాగుతుంది, కాపు సరిగా రాదు. అందుకని మన రైతులు రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్లో ఒకసారి నరికితే వచ్చే కొత్త కొమ్మలో, ఎండ బాగా తగిలితే, పూత మొగ్గ లోపల్లోపలే తయారవుతుంది. అక్టోబరులో మళ్లీ కత్తిరిస్తే ఆ మొగ్గ బయటికొచ్చి గుత్తి వేస్తుంది. ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒకటే కాపు. మొగ్గలన్నీ ఒకేసారి పగలడానికి చలి చేసే పనిని మందు చేత చేయిస్తారు. హైడ్రోజన్ సైనమైడ్‌ను గ్లౌజులు తొడుక్కుని, ఒక్కో కణుపుకూ గుడ్డతో అద్దాలి. "వేల ఎకరాల్లో ఆడవాళ్లు నిలబడి ఒక్కో మొగ్గకు అద్దుతారు. ఫ్రాన్సోడికి ఆ బాధే లేదు" అన్నాడు.

తీగ మొదలు చూపించాడు. మోకాలి ఎత్తులో, అంటు కట్టిన చోట చిన్న బుడిపె ఉంది. కింద ఒక తీగ, పైన ఒక తీగ. వేరు డాగ్‌రిడ్జ్ అనే అమెరికా రకం. ఉప్పు నీళ్లను, కరువును తట్టుకుంటుంది. పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్లు ఎలాంటివో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ నీళ్లతో షెనిన్ సొంత వేరు మీద నిలబడదు. 1860ల తర్వాత ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సు ద్రాక్ష వేళ్లన్నీ తినేసినప్పుడు అక్కడివాళ్లు కూడా అమెరికా వేళ్ల మీదే అంటు కట్టుకుని బతికారు. అంటే లువార్ లోయలోనూ షెనిన్ చాలావరకు పరాయి వేరు మీదే ఉంది. ఆకుల మీద నీలి మచ్చలు ఏమిటంటే, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం. అదీ ఫ్రాన్సు ద్రాక్ష తోటల్లో పుట్టిందే. మన నిమ్మ రైతుకు అది ఇంటి మందు.

తర్వాత జేబులోంచి, రసంలో చక్కెర ఎంతుందో కొలిచే రిఫ్రాక్టోమీటరు తీశాడు. పండు కాయను వేళ్ల మధ్య నలిపి, ఒక చుక్క అద్దం మీద పడేసి, మూత వేసి నా చేతికిచ్చాడు. వెలుతురు వైపు పెట్టి కంటికి ఆనించుకుంటే లోపల గుండ్రటి తెర. పైన నీలం, కింద తెలుపు. రెండూ కలిసే గీత 19 మీద ఉంది. గోడ వైపు కాయది పరీక్షిస్తే 14 కూడా లేదు. ఒకే గుత్తి. లువార్‌లో కూడా ఇంతేనట, షెనిన్ ఎప్పుడూ ఒక్కసారిగా పండదు. అందుకే మంచి తోటల్లో కోతవాళ్లు వారాల తేడాతో మళ్లీ మళ్లీ అదే వరసలోకి వెళ్లి పండినవే ఏరుకొస్తారు.

పొడి వైన్‌కు 21, 22 దాకా రావాలి. బావ వైన్ జోలికి పోడు. ఇంట్లో పులియబెట్టాలంటే ఎక్సైజు అనుమతి కావాలి, అతని ఉద్యోగానికి అది తలనొప్పి. మరి ఎందుకు పెంచుతున్నావని అడిగితే, "మన నేలలో ఏమవుద్దో చూద్దామని" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఇంత దూరం వచ్చినందుకు నాకు సంతోషమేసింది.

ఫిబ్రవరి 9, ఊళ్లోనే

పొద్దున ఊరి చివర బ్యారన్ దగ్గరికి వెళ్లాం. కాల్చిన పొగాకును షెడ్డులో ఆడవాళ్లు గ్రేడు చేస్తున్నారు. నిమ్మపండు రంగు ఒక కుప్ప, నారింజ ఒకటి, గోధుమ రంగు, పచ్చ మచ్చలున్నవి వేరే. ఆకును ఎత్తి వెలుతురుకు పట్టి, ఒక్క క్షణంలో ఏ కుప్పలోకో వేస్తున్నారు. కూలీ రోజుకు 400. వర్జీనియా పొగాకు అమెరికా నుంచి వచ్చిన మొక్కే అయినా పొదిలి, కొండపి, కందుకూరు వైపు మూడు తరాల బతుకు దాని మీదే నడిచింది. 1976లో పొగాకు బోర్డు వచ్చింది. వేలం కేంద్రాలు తెరిచే రోజు దగ్గర పడిందంటే ఊరంతా టెన్షన్. రేటు ఎంత పలుకుతుందో చివరి బేలు దాకా తెలియదు. అక్కడున్న రైతొకరు, "మీ ద్రాక్షకు వేలం ఉందా అబ్బాయా?" అని బావను సీరియస్‌గానే అడిగాడు. లేదు, కంపెనీలతో ముందే ఒప్పందం ఉంటుందన్నాడు బావ. "అయితే మాకన్నా నయం" అన్నాడాయన.

మధ్యాహ్నం పులుసు.

చెరువు కొర్రమీను కందుకూరు నుంచి తెప్పించారు, కిలో 450. అత్తయ్య ముందుగా పందిరి కిందికి వెళ్లి, గుత్తుల్లో పండని కాయలను మాత్రమే కత్తెరతో ఒక్కొక్కటే తీసుకొచ్చింది. గిన్నెడు వచ్చాయి. రోట్లో వేసి గింజలు నలగకుండా పైపైన దంచింది. గింజ నలిగితే చేదు దిగుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, మొదటిసారి పెట్టినప్పుడే తెలుసుకుంది. రసం పిండి వడకట్టింది. చింతపండు పూర్తిగా మానలేదు. మామూలుగా నిమ్మకాయంత నానబెట్టేది ఉసిరికాయంతే నానబెట్టింది. మట్టి దాకలో వేరుశనగ నూనె, ఆవాలు, మెంతులు, వెల్లుల్లి, ఉల్లిపాయ ముద్ద, కారం. పులుపు పోసి తెర్లనిచ్చి, అప్పుడు ముక్కలు జార్చింది. గరిటె పెట్టలేదు, దాకను రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా తిప్పింది.

నేను ఆత్రంగా వేడి అన్నంలో కలిపాను. పులుపు చింతపండు పులుపే అనిపించింది. కానీ వెనక ఇంకో రుచి ఉంది, తేలిగ్గా, నాలుక మీద బరువు లేకుండా. కారం తగ్గాక చివర్న సన్నటి పండు వాసన. మెతుకు మిగల్చకుండా తిన్నాను. మూడోసారి వడ్డిస్తుంటే అత్తయ్య ముఖం వెలిగిపోయింది.

"దీని రహస్యం ఒకటుంది" అని బావ అన్నం తింటూనే చెప్పాడు. చింతపండు పులుపుకు మూలం టార్టారిక్ ఆమ్లం. ద్రాక్ష పులుపుకూ ప్రధానంగా అదే. ఆ ఆమ్లం ఇంతగా ఉండే పండ్లు చాలా తక్కువ. పచ్చి ద్రాక్షలో దాంతోపాటు మాలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. పండే కొద్దీ, రాత్రుళ్లు వేడిగా ఉండే కొద్దీ, మాలిక్ తరిగిపోతుంది. టార్టారిక్ అంత తేలిగ్గా పోదు. నాసిక్‌లో జనవరి రాత్రులు వణికిస్తాయి, అందుకని అక్కడ రెండూ నిలుస్తాయి. పొదిలిలో అంత చలి లేదు. ఇక్కడి షెనిన్‌లో చివరికి మిగిలేది ఎక్కువగా చింతపండు పులుపే. వైన్ కంపెనీవాళ్లకు అది లోటు. అత్తయ్య దాకకు అదే సరిపోయింది.

చింతచెట్టు మాత్రం ఇక్కడిదా? ఆఫ్రికా నుంచి ఎప్పుడో వచ్చింది. కారం పోర్చుగీసువాళ్ల ఓడల్లో అమెరికా నుంచి వచ్చింది. దాకలో ఊరి సరుకంటూ ఉంటే అది కొర్రమీనే.

మిగిలిన పులుసు రాత్రికి ఉంచి, మర్నాడు పొద్దున చద్దన్నంలోకి తిన్నాం. అప్పుడు ఇంకా బాగుంది. బావ ఒక డబ్బాలో పచ్చి కాయలు రెండు కిలోలు, ఇంకో డబ్బాలో పులుసు నెల్లూరుకు సర్దుకున్నాడు.

ఫిబ్రవరి 10, కందుకూరు, ఉలవపాడు, నెల్లూరు

బైకు ఇచ్చేసి బస్సుల్లో పడ్డాం. కందుకూరులో దోసె, ఉలవపాడులో సపోటాలు. ఉలవపాడు మామిడి తోటలు దారికి రెండు వైపులా పూతతో నిండి ఉన్నాయి. పిందె గోళీకాయంత. బండి దగ్గర సపోటాలు అమ్మే ఆమె, మేము నాలుగే కొన్నా, ఇంకోటి కోసి ఇద్దరికీ చెరిసగం ఇచ్చింది. "తిని చూస్కోండి, బాగుంటేనే ఇంటికి తీస్కపోండి" అంది. ఇంకో కిలో కొన్నాం, 50.

కావలి దాటాక రొయ్యల చెరువులు మొదలయ్యాయి. ఏరేటర్లు నీళ్లను కొడుతున్న చప్పుడు బస్సులోకి వినిపిస్తోంది. వనామీ రొయ్య సొంతూరు మెక్సికో నుంచి పెరూ దాకా ఉండే పసిఫిక్ తీరం. 2009లో మన దేశంలో అనుమతించారు. అంతకు ముందు టైగర్ రొయ్య వేసి, తెల్లమచ్చ తెగులుకు నష్టపోయిన ఇళ్లు ఈ తీరంలో చాలా ఉన్నాయి. మా ముందు సీటులోని కుర్రాడు చెరువుల దగ్గర కాపలా ఉద్యోగం చేస్తాడట. రాత్రి కరెంటు పోతే గంటలోపు జనరేటరు వెయ్యకపోతే చెరువంతా పోతుందని, అందుకే నిద్ర అలవాటు తప్పిందని చెప్పాడు. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. కళ్ల కింద నల్లటి వలయాలు. అతను దిగిపోయాక కూడా ఆ ముఖం నన్ను వదల్లేదు.

సాయంత్రం నెల్లూరులో పెన్నమ్మ ఒడ్డున రంగనాయకుల గుడికి వెళ్లాం. రాత్రి కారం దోసె తిని పడుకున్నాం.

ఫిబ్రవరి 11, పొదలకూరు, నెల్లూరు

పొద్దున పొదలకూరు నిమ్మ మార్కెట్టుకు వెళ్లాం. పులుపు అన్నాక నిమ్మను చూడకుండా ఎలా వస్తాం? బస్తాలు కుమ్మరించి, రంగు బట్టి, సైజు బట్టి వేరు చేస్తున్నారు. చేతులు ఆడుతున్న వేగానికి కాయలు గలగలా జారుతున్నాయి. ఇక్కడి కాయ ఢిల్లీ దాకా పోతుంది. చలికాలం ధర పడిపోతుంది, ఎండలు ముదిరితే లేస్తుంది. ఒక రైతు మాకు రెండు కాయలు పిండి సోడా ఇప్పించి, డబ్బులు తనే కట్టాడు. "సామీ, మా ఊరొచ్చి మీరు కట్టేదేంది?" అన్నాడు. బావ డబ్బాలోని ద్రాక్ష ఆయన చేతిలో పెడితే ఒకటి నమిలి, తల ఊపి, "నిమ్మ పులుపు కాదు ఇది. చింత జాతి" అన్నాడు. ఏ పరికరమూ లేకుండా నాలుకతో చెప్పేశాడు. బావ నా వైపు చూసి నవ్వాడు.

ట్రంకు రోడ్డు వెనక సందులో ఒక మెస్సు ఉంది. నెల్లూరు వస్తే బావ అక్కడే తింటాడు. నడిపే ఆవిడను అందరూ అక్కా అంటారు. భోజనం 130, బొమ్మిడాయిల పులుసు వేరేగా 180. ఆకులో అన్నం వడ్డించి, పులుసు పోసే ముందు మధ్యలో గుంట చెయ్యమని ఆవిడే చెప్తుంది. మేము తిన్నాక బావ మెల్లగా అత్తయ్య పులుసు డబ్బా, పచ్చి కాయల డబ్బా తీసి చూపించాడు.

ఆవిడ వెంటనే మెచ్చుకోలేదు. పులుసు వేలితో అద్దుకుని నాకింది. ఇంకోసారి నాకింది. "కొర్రమీనుకు ఇది చాలదు తమ్ముడూ, దానికి ఇంకా గట్టి పులుపు ఉండాల. బొమ్మిడాయికి సరిపోద్ది, అది మెత్తటి చేప" అంది. నిమ్మకాయ వేసి ఎందుకు పెట్టకూడదని నేనడిగితే, ఉడికిస్తే చేదెక్కుతుందని కొట్టిపారేసింది. తర్వాత పచ్చి కాయలు చేతిలోకి తీసుకుని నలిపి వాసన చూసింది.

"ఇవి ఏ నెలలో దొరుకుతాయి?"

గుత్తులు మరీ ఒత్తుగా పడితే కుళ్లు వస్తుంది కాబట్టి, డిసెంబరులో కొన్నిటిని పచ్చిగా ఉండగానే కోసి పారేస్తామని బావ చెప్పాడు. నాసిక్‌లో వరసల మధ్య అవి కుప్పలుగా పడి ఉంటాయి. ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి.

"అప్పుడే కదయ్యా మాకు మామిడికాయ దొరకంది!" అంది. నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ ముక్క పడాలి. ఆ ముక్క లేకపోతే ఇక్కడివాళ్లు పులుసును సగమే అంటారు. ఫిబ్రవరి చివర్లో పిందె మార్కెట్లోకి వస్తుంది, వేసవంతా కాయ ఉంటుంది. నవంబరు, డిసెంబరు, జనవరి మాత్రం చింతపండు ఒక్కదానితోనే నెట్టుకురావాలి. బయటి నుంచి వచ్చే కాయకు కిలో వంద పైన పెట్టాల్సి వస్తుందట. అక్టోబరు కత్తిరింపు చేసిన షెనిన్ సరిగ్గా ఆ ఖాళీలోకి వచ్చి పడుతోంది.

ఆవిడ వంటవాడిని పిలిచి అక్కడికక్కడే ఒక చిన్న గిన్నెలో బొమ్మిడాయిలు నాలుగు, ద్రాక్ష రసం, సగం చింతపండు వేసి పెట్టించింది. ఈసారి కొన్ని కాయలు నలపకుండా, మామిడి ముక్కల బదులు అలాగే వేయించింది. ఉడికాక తొక్క చిట్లి, లోపల పులుపు పులుసుతో నిండింది. నోట్లో వేసుకుంటే టప్‌మని పగిలింది. గింజలే కొంచెం ఇబ్బంది. పక్క బల్ల మీద తింటున్న ఇద్దరు ఆటోవాళ్లకు కూడా పోసింది. ఒకాయన ఏంటో అడక్కుండా రెండోసారి పోయించుకున్నాడు. ఇంకొకాయన గింజలన్నీ ఏరి ఆకు పక్కన పెట్టి, "మామిడికాయే మేలక్కా" అన్నాడు. ఆవిడ ఇద్దరి మాటా తలలో వేసుకుంది.

తర్వాత బేరం. పొదిలి నుంచి నెల్లూరుకు ఆర్టీసీ కార్గోలో వేస్తే ఒక్క రోజులో అందుతుంది. డిసెంబరులో వారానికి ఐదు కిలోలు కావాలంది. పెరట్లో పందిరికి అంత రాదని బావ లెక్క వేశాడు, ఇంకో పది తీగలన్నా నాటాలి. ఈ ఏప్రిల్లో నాటితే మంచి కాపుకు రెండేళ్లు పడుతుంది. అప్పటిదాకా వారానికి రెండు కిలోలే ఇవ్వగలనన్నాడు. ఆవిడ కిలోకు 60 అంది. బావ 90 అన్నాడు. అత్తయ్యకు ఫోను కలిపితే, కాయ ఏరేది తనే కాబట్టి 80కి తగ్గేది లేదని ఆమె గట్టిగా చెప్పింది. చివరికి 75కు తెగింది, కార్గో ఖర్చు ఆవిడదే.